కొంచెమే కదా, బేటీ

పోయిన రంజాన్‌లో ఒక రోజు. పద్దెనిమిదో రోజానో, పంతొమ్మిదో రోజానో. అసర్ నమాజు చేసుకుని వచ్చి డెస్కులో కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. మా అమ్మాయి. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది, పక్కన మనుషులున్నట్టున్నారు.

"మమ్మీ, స్కార్ఫ్ కొంచెం వెనక్కి జరపమంటున్నారు. ముందర రెండు వేళ్ల మందం వెంట్రుకలు కనిపించాలంట. లుక్ సాఫ్ట్‌గా ఉంటుందంట. ఏం చేయాలి?"

రోజాలో ఉన్నా. నా ముందు రెండు పేజీలు పెండింగ్. ఇఫ్తార్ టైముకి ఇల్లు చేరతానా లేదా అన్న ఫికర్ వేరే. ఆలోచించకుండా అనేశాను. "కొంచెమే కదా, బేటీ. సర్దుకో."

అటువైపు కాసేపు ఏమీ లేదు. తర్వాత "అచ్ఛా మమ్మీ" అని పెట్టేసింది.

ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ "అచ్ఛా" ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఒప్పుకోవడం కాదది. ఇక మిమ్మల్ని అడగను అని. ఆ రోజు నుంచి నేనన్న మాట చేపముల్లులా గొంతులోనే ఉండిపోయింది. ఇన్నాళ్లకు రాస్తున్నాను.

మా ఇంటి సంగతి తెలియని కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మా అమ్మాయి ఫ్యాషన్ డిజైనింగ్ డిగ్రీ మూడో సంవత్సరం. పదో తరగతి పరీక్షలయ్యాక హిజాబ్ మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. నేనైతే వద్దన్నంత పని చేశాను. "ఇప్పట్నుంచే ఎందుకే" అన్నాను. వాళ్ల అబ్బా మాత్రం "దాని మర్జీ, నువ్వు మధ్యలో రాకు" అన్నారు. నేను వేసుకోను. చున్నీ ఉంటుంది. అజాన్ వినిపిస్తే తల మీదికి వస్తుంది, మళ్లీ భుజం మీదికి దిగుతుంది. షాదీలకి వెళితే చుట్టాల కళ్లు మా ఇద్దరి తలల మధ్యే తిరుగుతుంటాయి. "బేటీని చూసైనా తల్లి నేర్చుకోవాలి" అంటుంది ఒక ఖాలా. మర్నాడు ఆఫీసుకి పోతే "మేడమ్, మీరింత ప్రోగ్రెసివ్ కదా, పాపకి ఎందుకలా" అంటాడు ఒక పెద్దమనిషి. ఇద్దరూ నా మంచి కోరేవాళ్లే. ఇద్దరికీ నేనిచ్చే జవాబు ఒక్కటే, చాయ్ తాగండి అని.

రంజాన్‌కి రెండు నెలల ముందు సిటీలో ఒక పెద్ద బట్టల షోరూమువాళ్లు మా అమ్మాయికి ఆర్డరిచ్చారు. షోరూము పేరు రాయను. రంజాన్ కలెక్షన్ కోసం పన్నెండు అబాయా సెట్లు, జోడీగా స్కార్ఫులు. డిజైన్ అంతా దానిదే. పాతబస్తీలో కార్ఖానా నడిపే ఒక కారీగర్ దగ్గర పక్కనే కూర్చుని చేతుల అంచులకి జర్దోజీ పని చేయించుకుంది. షబే బరాత్ రాత్రి నేను నఫిల్ నమాజుల్లో ఉంటే అది హెమ్మింగ్ చేస్తూ కూర్చుంది. అన్నీ అప్పజెప్పాక వాళ్లు, "ప్రకటన ఫొటోలు కూడా మీరే దిగండి మా, నిజంగా హిజాబ్ వేసుకునే అమ్మాయి ఉంటే బాగుంటుంది" అన్నారట. ఆ రోజు ఇల్లంతా గెంతింది.

ఫోన్ వచ్చింది ఆ ఫొటోలు తీస్తున్న చోటు నుంచే.

మగ్రిబ్‌కి ముందే ఇంటికి వచ్చేసింది. నేను చేరేసరికి దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. ఖజూర్ నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, అప్పుడు చెప్పింది. మొదట రెండు వేళ్లన్నారు. నేను సర్దుకో అన్నాక సర్దుకుందట. తర్వాత మెడ కనిపిస్తే బాగుంటుందన్నారు. తర్వాత కమ్మలు. కమ్మలు వాళ్లవే, అవి కూడా అమ్మాలి కదా. ఆఖరికి స్కార్ఫుని తల వెనక ముడి వేసేద్దామన్నారు. "అప్పుడది హిజాబ్ ఎందుకవుతుంది మమ్మీ? మీరు బూజు దులిపేటప్పుడు కట్టుకునే రుమాల్ అవుతుంది" అంది. తన సంచి తీసుకుని వచ్చేసింది. వాళ్లు కోపం కూడా తెచ్చుకోలేదట. చాలా మర్యాదగా "నో ప్రాబ్లమ్ మా, వేరే మోడల్ ఉంది" అన్నారట. పన్నెండు సెట్ల డబ్బులు తర్వాత ఇచ్చారు. ఫొటో డబ్బులు ఇవ్వలేదు, అది న్యాయమే.

నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇఫ్తార్ గిన్నెలు ఎత్తేశాక, తరావీహ్‌కి ముందు, తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఈమె తెలుసా మీకు?"

తెలుసు. హలీమా ఏడెన్. 2016 చివర్లో ఈమె మీద నేనే చిన్న బాక్స్ ఐటమ్ వేశాను. హిజాబ్‌తో అందాల పోటీలో నిలబడ్డ అమ్మాయి అని. ఫొటో బాగుందని వేశాం, నిజం చెప్పాలంటే. ఆమె తర్వాత ఏం చేసిందో నేను పట్టించుకోలేదు. మా పేజీల్లో లోపలికి వచ్చినవాళ్ల వార్తలుంటాయి. బయటికి పోయినవాళ్లవి ఉండవు.

హలీమా 1997లో కెన్యాలోని కకుమా శరణార్థుల శిబిరంలో పుట్టింది. సోమాలీ ఖాందాన్. చిన్నతనంలోనే తల్లితో అమెరికా చేరి, మినసోటా రాష్ట్రంలో సెయింట్ క్లౌడ్ అనే ఊళ్లో పెరిగింది. హాస్పిటల్లో క్లీనింగ్ పని చేసింది. 2016 నవంబర్‌లో మిస్ మినసోటా యూఎస్‌ఏ పోటీలో తల కప్పుకునే స్టేజీ ఎక్కింది. ఈత దుస్తుల రౌండ్‌కి బుర్కినీ వేసుకుంది. సెమీఫైనల్ దాకా పోయింది. కిరీటం రాలేదు గానీ ఐఎంజీ అనే పెద్ద మోడలింగ్ ఏజెన్సీ ఆమెతో ఒప్పందం చేసుకుంది. హిజాబ్ తీయనక్కర్లేదన్న షరతు ఆ ఒప్పందంలోనే రాయించుకుంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. మన పిల్లలు నికా నామాలో షరతులు రాయించుకోవడానికే మొహమాటపడతారు.

2017 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో కాన్యే వెస్ట్ షో, ఆ వెంటనే మిలాన్‌లో మ్యాక్స్ మారా. జూన్‌లో వోగ్ అరేబియా కవర్. 2018 మే నెల బ్రిటిష్ వోగ్ కవర్ మీద తొమ్మిది మంది అమ్మాయిల్లో ఒకతి. 2019లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక స్విమ్‌సూట్ సంచికలో బుర్కినీతో. ఆ ఫొటోలు తీసింది కెన్యా సముద్రతీరంలో, ఏ దేశంలో గుడారాల మధ్య పుట్టిందో అక్కడే. మాషాఅల్లాహ్ అనుకోకుండా ఉండలేం.

2020 నవంబర్‌లో ఒక రోజు ఇన్‌స్టాగ్రామ్‌లో వరసగా తన పాత ఫొటోలే పెడుతూ, ఒక్కోదాని మీద రాసుకుంటూ పోయింది. ఇక చాలు, వదిలేస్తున్నాను అని. కరోనా వల్ల పనులాగి అమ్మ దగ్గర ఇంట్లో ఉండేసరికి ఆలోచించే వీలు దొరికిందట. ఆ ఫొటోలు వరసలో చూస్తుంటే ఒకటి అర్థమవుతుంది. మొదట్లో ఉన్న హిజాబ్ రానురాను చిన్నదవుతూ పోయింది. మెడ బయటికొచ్చింది. స్కార్ఫు పోయి టర్బన్ లాంటిది వచ్చింది. ఒక ఫొటోలో తల మీద గుడ్డకి బదులు జీన్స్ ప్యాంటు చుట్టారు. నిజంగానే ప్యాంటు. దాన్ని చూసి నాకు ముందు నవ్వొచ్చింది. మా అమ్మాయి నవ్వలేదు. నాది కూడా ఆగిపోయింది.

చూడండి, ఒప్పందాన్ని ఎవరూ మీరలేదు. హిజాబ్ తీయమని ఎవరూ అనలేదు. తల కప్పే ఉందా అంటే కప్పే ఉంది. దేంతో కప్పాలి, ఎందుకు కప్పుకుంటోంది అన్నది మాత్రం కాగితం మీద లేదు. ఇవాళ రెండు వేళ్లు, రేపు మెడ. ఏ ఒక్క రోజూ "ఇది మరీ ఎక్కువ" అని లేచిపోయేంత పెద్దది అడగరు. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కూడా కాదు, పొగుడుతూనే అడుగుతారు. ఆమె చెప్పిన కారణాల్లో నాకు బాగా పట్టినది, ఆ పరిశ్రమలో ముస్లిం ఆడవాళ్లు స్టైలిస్టులుగా లేకపోవడం. కెమెరా ముందు ఒక హిజాబీ ఉంది. వెనక ఒక్కరూ లేరు. పిన్ను ఎక్కడ పెట్టాలో తెలిసిన చెయ్యి ఆ గదిలో లేదు. ఇంకొకటి కూడా చెప్పింది. తనకి బట్టలు మార్చుకోవడానికి వేరే చోటు ఇచ్చేవారు. తనని చూసి వెనకాలే వచ్చిన హిజాబ్ పిల్లల్ని మాత్రం ఏదైనా బాత్రూమ్ వెతుక్కోమన్నారట. తను తెరిచిన తలుపు ఎటు తెరుచుకుందో చూసి భయపడింది.

వాళ్ల అమ్మ ఎప్పట్నుంచో మానెయ్యమని అడుగుతూ ఉందట, ఈమే వినలేదట. ఇది చదివాక ఫోన్ తిరిగి ఇచ్చేశాను. ఆ తల్లి వద్దంది, కూతురు సర్దుకుంది. మా ఇంట్లో కూతురు ఆగింది, తల్లి సర్దుకో అంది.

ఎందుకన్నానో నాకు తెలుసు. నా జిందగీ అంతా నేను చేసింది అదే.

మా నానీమాది పాలమూరు జిల్లాలో ఒక పల్లె. బుర్ఖా వేసుకున్న మనిషి కాదు. కూలికి పోయే ఆడదానికి బుర్ఖా ఎక్కడిది? నేత చీర, తల మీద కొంగు. అజాన్ వినిపిస్తే చేతిలో కొడవలి ఉన్నా సరే ఇంకో చేత్తో ఆ కొంగు ముందుకి లాక్కునేది. పక్కింటామెకీ ఆమెకీ తేడా బొట్టు ఒక్కటే. అమ్మీ షాదీ అయి టౌనుకొచ్చాక, మొహల్లా రివాజు ప్రకారం నల్ల బుర్ఖా వచ్చింది. అప్పటి బుర్ఖా రెండు ముక్కలు. కింద కోటు, పైన నఖాబ్, ముఖం మీదికి రెండు పొరలు. వేసుకోవడంతో ఆగలేదు అమ్మీ. కుట్టడం నేర్చుకుంది. మా ఇంట్లో ఎప్పుడూ నల్ల శాటిన్ ముక్కలే. నా చిన్నప్పటి బొమ్మలన్నిటికీ నల్ల గౌన్లే. ఒక్కో గిరాకీకి ఒక్కో ఫర్మాయిష్. ఒకామెకి నడుము దగ్గర కుచ్చులు, ఇంకొకామెకి చేతులకి లేసు, కొత్త పెళ్లికూతురికి నఖాబ్ అంచున నల్లపూసలు. బుర్ఖాలో ఫ్యాషన్ ఏముంటుంది అని నవ్వేవాళ్లు మా అమ్మీ మిషన్ పక్కన ఒక గంట కూర్చోవలసింది. తర్వాత జెద్దా, దుబాయ్ పోయిన మగవాళ్లు అక్కణ్ణుంచి అబాయాలు తెచ్చారు. ఒక రెండేళ్లలో రెండు ముక్కల బుర్ఖా ముసలివాళ్లదైపోయింది. అమ్మీ ఆర్డర్లు పడిపోయాయి. ఫ్యాషన్ వల్ల నష్టపోయిన మొదటి మనిషిని నేను మా ఇంట్లోనే చూశాను.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. మొదటి రోజు లెక్చరర్ హాజరు పట్టీలో నా పేరు చూసి, నన్ను చూసి, మళ్లీ పేరు చూశారు. ఇంటి నుంచి బుర్ఖాతో బయల్దేరేదాన్ని. బస్టాండులో ఆడవాళ్ల వెయిటింగ్ రూములో తీసి, మడిచి, నోట్సుల కింద బ్యాగులో పెట్టేదాన్ని. సాయంత్రం మళ్లీ తొడుక్కునేదాన్ని. మూడేళ్లు. కాలేజీలో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తీయమని ఎవరూ చెప్పలేదు. వాళ్లు అనకముందే నేనే సర్దుకున్నాను. ఉద్యోగంలో చేరాక బ్యాగులో కూడా ఉండటం మానేసింది. దానివల్ల నేను తక్కువ ముసల్మాన్ అయ్యానని అనుకోను, ఇప్పుడు కూడా. కానీ ఆ బ్యాగు మడతల్లో ఎంత నియ్యత్ ఉందో, ఎంత భయం ఉందో, ఈ వయసులో కూడా విడదీసి చెప్పలేను. మా అమ్మాయి తల మీది గుడ్డ విషయంలో దానికి ఆ గజిబిజి లేదు. అందుకే నాకు దాన్ని చూస్తే కొంచెం జలన్ కూడా, చెప్పుకోవాలి.

దుకాణాలవాళ్లకి మన తలల మీద ప్రేమ పుట్టింది ఈ పదేళ్లలోనే. 2015లో హెచ్ అండ్ ఎమ్ పాత బట్టల రీసైక్లింగ్ ప్రకటనలో మరియా ఇద్రీసీ అనే లండన్ అమ్మాయిని హిజాబ్‌తో చూపించింది. 2016 జనవరిలో ఇటలీవాళ్లు డోల్చే అండ్ గబ్బానా అబాయాలూ హిజాబులూ తెచ్చారు. 2017లో నైకీ ఆటల హిజాబ్. అదే ఏడాది బార్బీ బొమ్మకి కూడా హిజాబ్ వచ్చింది, రియో ఒలింపిక్స్‌లో కత్తిసాములో కాంస్యం తెచ్చిన ఇబ్తిహాజ్ ముహమ్మద్ పోలికలతో. ఈ చివరిదానికి మాత్రం నేను నిజంగా ఖుష్ అయ్యాను. నల్ల గౌన్ల బొమ్మలతో ఆడుకున్నదాన్ని కదా.

అయితే అదే 2016 వేసవిలో ఫ్రాన్స్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి బుర్కినీని నిషేధించాయి. ఆగస్టు 26న అక్కడి పెద్ద కోర్టు ఒక ఊరి ఉత్తర్వుని ఆపేసింది. బుర్కినీ కుట్టింది సిడ్నీలో ఉండే లెబనీస్ మూలాల ఆడమనిషి అహెదా జనెట్టి, 2004లో. పిల్లలు ఈత కొట్టాలి, ఆడుకోవాలి అని. ఒకే గుడ్డ. ఒక ఒడ్డున పోలీసు వస్తాడు, ఇంకో ఒడ్డున కెమెరా వస్తుంది. 2019 ఫిబ్రవరిలో డెకాథ్లాన్ పరుగెత్తేవాళ్ల కోసం హిజాబ్ తయారుచేసి, మొరాకోలో అమ్మి, ఫ్రాన్స్‌లో కూడా పెడతానంది. నాయకులు గొడవ చేశారు, ఉద్యోగులకి బెదిరింపులొచ్చాయి, వెనక్కి తీసుకుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ తన సొంత క్రీడాకారిణుల్ని హిజాబ్‌తో ఆడనివ్వలేదు. పరుగెత్తే ఒక అమ్మాయి ప్రారంభ వేడుకలో టోపీ పెట్టుకుని పడవెక్కింది.

దూరం ఎందుకు, కర్ణాటక పక్కనే ఉంది. 2022 ఫిబ్రవరి 5న యూనిఫాం ఉత్తర్వు, మార్చి 15న దాన్ని సమర్థిస్తూ హైకోర్టు తీర్పు, అక్టోబర్ 13న సుప్రీం కోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు రకాలు. ఆ మార్చి రోజుల్లో నేను డెస్కులోనే ఉన్నాను. కాలేజీ గేటు ముందు నిలబడ్డ పిల్లల ఫొటోలు ఒక స్క్రీన్ మీద. మూడు వారాల్లో రంజాన్, దాని స్పెషల్ పేజీలకి వచ్చిన బట్టల ప్రకటనలు ఇంకో స్క్రీన్ మీద. ప్రకటనల్లో అమ్మాయిల తలల మీద మెరిసే స్కార్ఫులు. ఈ స్క్రీన్‌లో లోపలికి రానివ్వనిది ఆ స్క్రీన్‌లో రమ్మని పిలుస్తోంది. నేను రెండు పేజీలూ చేసి పంపించాను. జీతం దానికే కదా.

మా చుట్టాలమ్మాయి ఒకతి, బీకాం చదివింది, ఆ ఏడాదే ఒక బట్టల షాపులో సేల్స్ ఉద్యోగానికి వెళ్లింది. కౌంటర్లో ఉండేవాళ్ల తల మీద ఏమీ ఉండకూడదన్నారు. ఆ కౌంటర్ వెనక గాజు పెట్టెలో హిజాబ్ పిన్నులు అమ్మకానికి ఉన్నాయట. ఇక మగ్గం వర్క్ సంగతి. మన దగ్గర పెళ్లికూతుళ్ల బ్లౌజుల మీద కనిపించే ఆ పనిలో ఎంత భాగం మన కారీగర్ల చేతుల మీదుగా పోతుందో ఏ టైలర్‌ని అడిగినా చెప్తాడు. వాళ్ల ముఖాలు ఏ ప్రకటనలోనూ ఉండవు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యి దగ్గర పని ముగించుకుని రాళ్లు అతికిస్తూ కూర్చుంటారు. వాళ్లు ఇంకా వెనక.

ఇదంతా షాపులవాళ్ల మీదా, ఫ్రాన్స్ మీదా వేసేసి నేను చేతులు కడుక్కోలేను. కొన్నేళ్ల కిందట రంజాన్ స్పెషల్ పేజీకి ఫొటో ఎంచాలి. ఫొటోగ్రాఫర్ ఇరవై పంపాడు. నేను ఎంచింది మీరు ప్రతి ఏడాదీ ప్రతి పేపర్లో చూసేదే. లాడ్‌బజార్, గాజుల మెరుపు, వెనకనుంచి ముగ్గురు నల్ల బుర్ఖాలు. "రంజాన్ సందడి" అని కింద రాశాను. మర్నాడు పొద్దున అమ్మీ, అప్పుడు మా ఇంట్లోనే ఉంది రంజాన్‌కని వచ్చి, పేపరు ముందేసుకుని కూర్చుంది. తెలుగు చదవదు, బొమ్మలు చూస్తుంది. చాలాసేపు చూసి, మధ్యలో ఉన్న బుర్ఖా చేతిలోని సంచి మీద వేలు పెట్టింది.

"యే థైలీ మేరీ హై."

ఖాకీ సంచి. అబ్బా ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యాక మిగిలిన యూనిఫాం ప్యాంటుని కత్తిరించి అమ్మీ కుట్టింది. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న సంచి. మూడు రోజుల ముందు ఖాలాతో, పక్కింటామెతో కలిసి, నా కూతురికి గాజులు కొనడానికి వెళ్లింది. ఇరవై ఫొటోల్లోంచి ఏరి, పెద్దది చేసి, అంచులు కత్తిరించి, కింద మాట రాసి, పేజీలో పెట్టిన నేను మా అమ్మని చూడలేదు. బుర్ఖాని చూశాను.

"తూ భీ నై పైచానీ క్యా?" అంది. నువ్వు కూడా గుర్తుపట్టలేదా అని. కోపంగా కాదు, నవ్వుతూనే. ఆ బొమ్మ కత్తిరించి దాచుకుంది కూడా, పేపర్లో పడ్డానని. నాకు ఆ పూట రొట్టె దిగలేదు.

ఇంకో పక్క మనవాళ్లున్నారు. మా అమ్మాయి తను కుట్టినవి వేసుకుని ఇన్‌స్టాలో ఫొటోలు పెడుతుంది. కింద మన మొహల్లా కుర్రాళ్లే రాస్తారు, "సిస్టర్, పర్దా చూపించుకోవడానికి కాదు" అని. ప్రొఫైల్‌లో వాళ్ల సొంత ఫొటో బైకు మీద, జిమ్ములో పెంచిన కండలతో. హలీమాని కూడా ఇలాగే రెండు వైపుల నుంచీ తిన్నారు. ఒకళ్లకి ఆమె మరీ ఎక్కువ కప్పుకుంది, ఇంకొకళ్లకి చాలినంత కప్పుకోలేదు. హయా గురించి వాళ్లు అడిగేది అసలు అడగకూడని ప్రశ్నేమీ కాదు. హిజాబ్‌కీ ర్యాంప్‌కీ పొసగుతుందా అని మా అమ్మాయి కూడా అడుగుతుంది, తనని తాను. రాత్రుళ్లు నాతో గంటలు గంటలు బహస్ చేస్తుంది. కానీ ఆ సవాల్ దానిది. దాని తల మీద దాని జవాబు ఉంటుంది. పక్కవాడి కామెంట్ ఎందుకు?

నాకున్న శికాయత్ ఇంకొకటి. ముస్లిం ఆడది అంటే హిజాబ్ అని దుకాణాలు తేల్చేశాక, కొంగు కప్పుకున్న మా నానీమా ఎక్కడికి పోవాలి? గద్వాల చీర కట్టి, తెలుగులో బేరమాడి, ఈద్‌కి షీర్ ఖుర్మా చేసేవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది! "మీరు ముస్లింలా కనిపించరే" అన్న మాట నేను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ వింటున్నాను. మెచ్చుకుంటున్నామనుకుంటారు అన్నవాళ్లు. మా అమ్మాయికి ఈ ముక్క చెబితే, "మరి మీకోసం కూడా కుడతాను మమ్మీ, కొంగు జారకుండా లోపల హుక్ పెట్టి" అంది. అది జోకో కాదో తెలియలేదు. దాని నోట్‌బుక్‌లో మాత్రం ఆ తర్వాత వారం ఒక చీర బొమ్మ చూశాను.

ఈద్‌కి బట్టలు తీసుకోవడానికి ఇరవై ఆరో రోజాన ఇద్దరం ఆటోలో చార్మినార్ వైపు పోతున్నాం. షెహ్రాన్ మార్కెట్లో దానికి నిదా గుడ్డ కావాలి. ఒక సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. ఎదురుగా ఆ షోరూముది పెద్ద హోర్డింగ్. ఈద్ ముబారక్ అని నెలవంక, పక్కన ఒక అమ్మాయి. మా అమ్మాయి కుట్టిన సముద్రం రంగు అబాయా. చేతుల అంచున ఆ జర్దోజీ, షబే బరాత్ రాత్రి నా కళ్ల ముందు ముడిపడిన దారం. స్కార్ఫు సగం తల మీద, సగం మెడ వెనక. ముందర రెండు వేళ్లు కాదు, అరచేయంత జుట్టు. అందంగా ఉంది పిల్ల, ఎవరో పాపం. ఆమెకీ ఎవరో సర్దుకో అనే ఉంటారు.

నాకేం మాట్లాడాలో తెలియలేదు. ఆ రోజు ఫోన్లో అన్నదానికి ఇప్పటిదాకా మాఫీ అడగలేదు. ఇక్కడ అడిగేద్దామని నోరు తెరిచాను.

అది తల బయటికి పెట్టి, కళ్లు చిన్నవి చేసి, హోర్డింగ్‌ని కింద నుంచి పైకి చూస్తోంది.

"లోపల క్యాప్ పెట్టలేదు మమ్మీ వాళ్లు. అది జార్జెట్. పది నిమిషాలు కూడా ఆగదు, జారిపోతుంది."

సిగ్నల్ పడింది.